చివరి కుళాయికి నీరు అందాలంటే...

"నీరు పల్లమెరుగు" అంటారు మన పెద్దలు. ఈ సామెత మాకు బడికి వెళ్లకముందే అనుభవంలోకి వచ్చింది. మా కాలనీ ఊరికి చివర, కాస్త మిట్ట మీద ఉంటుంది. పల్లంలో ఉన్న వీధుల్లో బిందెలు నిండి పొర్లిపోయాక మా కుళాయిలో ముందు గాలి చప్పుడు, ఆ తర్వాత సన్నని ధార వచ్చేవి. మా అమ్మ మిరప కోతలకు వెళ్లేలోగా రెండు బిందెలు దొరికితే ఆ రోజు పండగే.

ఆ తర్వాత ఈ హాస్టల్లో చేరాం. ఇక్కడా పైపులైను చివరే! మేము ఎనిమిదో తరగతిలో ఉండగా ఒక వానాకాలం రాత్రి, మా గదిలో సగం మందికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. వంట మనిషి తప్పని కొందరు, బయటి తిండి తిన్నారని కొందరు అన్నారు. మురుగు కాలువలోంచి వెళ్లే నీళ్ల పైపు పగిలిందని నాలుగు రోజుల తర్వాత తెలిసింది. మా ఇంట్లో డిగ్రీ పట్టా అందుకున్నది మేమే మొదలు. ఇప్పుడు ఎం.టెక్.లో నీటి సరఫరా గురించి చదువుతుంటే, ఆనాటి మా ప్రశ్నలకు ఒక్కొక్కటిగా జవాబులు దొరుకుతున్నాయి. వాటిని మన సంచిక ద్వారా తమ్ముళ్లతో పంచుకోవాలని ఈ వ్యాసం రాస్తున్నాం.

ఎంత నీరు కావాలి?

ఏ పట్టణానికైనా పథకం వేసేటప్పుడు మొదటి ప్రశ్న ఇదే. కేంద్ర ప్రభుత్వ ప్రమాణాల ప్రకారం భూగర్భ డ్రైనేజీ ఉన్న పట్టణంలో మనిషికి రోజుకు 135 లీటర్లు ఇవ్వాలి. తాగడానికి, వంటకే కాదు, స్నానానికి, బట్టలకు, మరుగుదొడ్డికి అన్నీ కలిపి ఈ లెక్క.

ఒంగోలునే ఉదాహరణగా తీసుకుందాం. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడ 2 లక్షలకు పైగా జనం ఉన్నారు. 2 లక్షలను 135తో గుణిస్తే రోజుకు 2 కోట్ల 70 లక్షల లీటర్లు. దారిలో లీకుల వల్ల 15 శాతం పోతుందనుకుంటే, సుమారు 3 కోట్ల 20 లక్షల లీటర్లు పంపితే తప్ప ఇళ్లకు ఆ నీరు చేరదు.

ఈ లెక్క ఇవాళ్టికే. భూమిలో వేసిన పైపులను పదేళ్లకోసారి తవ్వి మార్చలేం కాబట్టి వాటిని 30 ఏళ్ల అవసరానికి వేస్తారు. అరిగిపోయే మోటార్లను 15 ఏళ్లకు చూసుకుంటారు. జనాభా ఏటా 2 శాతం పెరిగితే 30 ఏళ్లకు 100 మంది 181 మంది అవుతారు. ఆ పెరిగే జనం ఏ వైపు ఇళ్లు కట్టుకుంటారో ముందే ఊహించడమే ప్రణాళికలో అసలు కష్టం. పేదలకు స్థలాలిచ్చేది ఎప్పుడూ ఊరి చివరే. ఆ చివర పటంలో లేకపోతే పైపు కూడా అక్కడికి రాదు.

వేసవి చెరువుల లెక్క

ఒంగోలును ఆనుకొని జీవనది లేదు. నాగార్జునసాగర్ కుడి కాలువ ద్వారా వచ్చే కృష్ణా నీరే ప్రధాన ఆధారం. కాలువలో నీరు ఏడాది పొడవునా రాదు. అందుకే వచ్చినప్పుడు నింపుకొని, రానప్పుడు వాడుకోవడానికి సమ్మర్ స్టోరేజి ట్యాంకులు కట్టారు. డెల్టా పట్టణాల్లోనూ ఇదే పద్ధతి.

60 రోజులు కాలువ రాదనుకుందాం. రోజుకు 3 కోట్ల 20 లక్షల లీటర్ల చొప్పున 190 కోట్ల లీటర్లకు పైగా నిల్వ ఉండాలి. నాలుగు మీటర్ల లోతు నీరు నిలిపితే దీనికి సుమారు 120 ఎకరాల చెరువు కావాలి. అంతటితో అయిపోదు. ఎండకు రోజుకు 6 మిల్లీమీటర్లు ఆవిరైతే 60 రోజులకు 36 సెంటీమీటర్లు, అంటే మోకాలి దగ్గరి దాకా నీరు గాలిలో కలిసిపోతుంది. అడుగున పూడిక చేరితే నిల్వ ఇంకా తగ్గుతుంది. చెరువు నిండుగా కనబడినంత మాత్రాన నీరు నిండుగా ఉన్నట్టు కాదు.

శుద్ధి ఎలా చేస్తారు?

చెరువు నీటిలో పటిక కలుపుతారు. కంటికి కనబడని మట్టి రేణువులు ఒకదానికొకటి అంటుకొని, బరువెక్కి అడుగుకు చేరతాయి. పైనీటిని ఇసుక పొరల గుండా వడపోస్తారు. చివరగా క్లోరిన్ కలుపుతారు. నీరు తేటగా ఉంటే మంచి నీరే అనుకోవడం పొరపాటు. కలరా క్రిములున్న నీరు కూడా తేటగానే ఉండవచ్చు.

క్లోరిన్ కలిపితే పని అయిపోయిందా? కాలేదు. దారిలో ఎక్కడైనా మురికి కలిస్తే దాన్ని చంపడానికి నీటిలో ఇంకా కొంత క్లోరిన్ మిగిలి ఉండాలి. పైపులైను చివరి కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలన్నది నియమం. ట్యాంకు కింది కుళాయిలో కాదు, చివరి కుళాయిలో! ఈ ఒక్క మాట మాకు చదువులో అన్నిటికన్నా నచ్చింది.

ట్యాంకు నుంచి కుళాయి దాకా

ఓవర్‌హెడ్ ట్యాంకును ఎత్తుగా ఎందుకు కడతారు? ఆ ఎత్తే నీటిని తోసే బలం. ట్యాంకు నుంచి బయలుదేరిన నీరు పైపు గోడలకు రాసుకుంటూ, మలుపులు తిరుగుతూ ఆ బలాన్ని పోగొట్టుకుంటుంది. ఇన్ని పోయాక కూడా ఇంటి దగ్గర కనీసం 7 మీటర్ల ఎత్తుకు ఎక్కే బలం మిగలాలని పాత ప్రమాణం. అది మిట్ట మీది చివరి ఇంటికి కూడా వర్తిస్తుంది.

ఇక్కడ జరిగే పెద్ద తప్పు ఒకటుంది. కొత్త కాలనీ రాగానే పాత వీధిలోని సన్న పైపుకే ఇంకో సన్న పైపు అతికిస్తారు. నాలుగు అంగుళాల పైపు బదులు రెండు అంగుళాలది వేస్తే సగం నీరు వస్తుందనుకుంటాం. కాని అంతే బలంతో అందులో వచ్చేది సుమారు ఆరో వంతే! దానికి తోడు దారిలో నలుగురు లైనుకే మోటార్లు పెట్టి లాగితే చివరి ఇంటికి గాలే మిగులుతుంది. మా కుళాయిలో గాలి చప్పుడుకు కారణం దేవుడి కోపం కాదు, పైపు లెక్క.

గంటసేపు నీరు, రోజంతా ముప్పు

మన పట్టణాల్లో నీటిని గంటో, రెండు గంటలో వదిలి కట్టేస్తారు. కొన్నిచోట్ల రోజు మార్చి రోజు. నీరు ఆదా అవుతుందని అనుకుంటాం. కాని పైపు నిండుగా ఉన్నప్పుడు చిల్లులోంచి నీరు బయటికి కారుతుంది. పైపు ఖాళీ అయినప్పుడు అదే చిల్లులోంచి బయటి మురుగు లోపలికి వస్తుంది. పైపు మురుగు కాలువ పక్కనుంచి వెళ్తే ఇక చెప్పనక్కర లేదు. 2018 మార్చిలో గుంటూరులో తాగునీటిలో మురుగు కలిసి అతిసారం ప్రబలి, పలువురు ప్రాణాలు కోల్పోయారు. ఆ వార్త చదివినప్పుడు మాకు మా ఎనిమిదో తరగతి రాత్రి గుర్తొచ్చింది. మేము బతికి బయటపడ్డాం, అంతే తేడా.

కారే నీరు, కారే డబ్బు

నిమిషానికి ఒక లీటరు కారే కుళాయి రోజుకు 1,440 లీటర్లు వృథా చేస్తుంది. అది పది మందికి సరిపడే నీరు. నీటితో పాటు కరెంటూ పోతుంది. 3 కోట్ల 20 లక్షల లీటర్లను 40 మీటర్ల ఎత్తుకు తోడాలంటే, మోటార్లు బాగా పనిచేసినా, రోజుకు సుమారు 5 వేల యూనిట్లు కాలుతుంది. అందుకే కొత్త చెరువు తవ్వేకన్నా ముందు పాత లీకులు మూయాలంటారు ఇంజనీర్లు. ఎంత నీరు పంపామో, ఎంత చేరిందో కొలవడానికి మీటర్లు ఉండాలి. కొలవని దాన్ని కాపాడలేం.

ఇదంతా పుస్తకాల్లోనే అనుకోవద్దు. 2021 జూలైలో ఒడిశాలోని పూరీ పట్టణం 24 గంటలూ కుళాయి నుంచే నేరుగా తాగగలిగే నీరు ఇవ్వడం మొదలుపెట్టింది. పూరీ కూడా చిన్న నగరమే. అక్కడ స్వయం సహాయక సంఘాల మహిళలు "జలసాథీ"లుగా ఇంటింటికీ వెళ్లి మీటర్లు చూస్తారు, బిల్లులు వసూలు చేస్తారు, నీటిని పరీక్షిస్తారు. మురికివాడల ఇళ్లనూ అందులో చేర్చారు.

మనకెందుకు ఈ గొడవ?

నీరు మనకు ఎన్నడూ ఊరికే రాలేదు. 1927 మార్చి 20న మహద్‌లో బాబాసాహెబ్ అంబేడ్కర్ వేలమందిని వెంటబెట్టుకొని వెళ్లి చవదార్ చెరువు నీటిని దోసిలితో తాగి, అది అందరి హక్కు అని చాటారు. 1985లో అప్పటి ప్రకాశం జిల్లాలోని కారంచేడులో, తాగే చెరువును మురికి చేయవద్దని అడిగినందుకు మొదలైన గొడవ, జూలై 17న దళితుల ఊచకోతకు దారితీసింది. ఆ రోజుల్లో నీటిని మనుషులే అడ్డుకున్నారు. ఇవాళ చాలాచోట్ల సన్న పైపు, పటంలో లేని వీధి అడ్డుకుంటున్నాయి. వీటిని ఎదిరించాలంటే ధైర్యంతో పాటు లెక్క కూడా రావాలి.

కాబట్టి తమ్ముళ్లూ, మూడు పనులు చేయండి. మొదటిది: హాస్టల్ సంపును నెలకోసారి కడిగించండి. రెండోది: 10 వేల లీటర్ల నీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము క్లోరిన్ కలవాలంటే, 25 శాతం బలమున్న బ్లీచింగ్ పౌడర్ 40 గ్రాములు చాలు. వార్డెన్ గారి సమక్షంలో బకెట్‌లో కలిపి, సున్నం పేరుకున్నాక పైతేట మాత్రమే పోయాలి, అరగంట ఆగాకే వాడాలి. మూత తీసి ఉంచిన పౌడర్‌కు బలం పోతుందని మరవకండి. మూడోది: చివరి కుళాయి నీటిని క్లోరిన్ పరీక్ష పెట్టెతో చూసి, తేదీ వేసి నోటుపుస్తకంలో రాయండి. పరీక్షకు ఒక నిమిషం పడుతుంది. నెల రోజుల అంకెలు చేతిలో ఉంటే మీ అర్జీని ఎవరూ తేలిగ్గా పక్కన పెట్టలేరు.

మా అమ్మకు 135 లీటర్ల లెక్క చెప్పినప్పుడు ఆమె నవ్వి, "అన్ని బిందెలు ఎక్కడ పెట్టుకుంటాంరా?" అంది. బిందెలు దాచుకోవలసిన అవసరమే లేని రోజు రావాలి. మీలో ఒకరు రేపు ఇంజనీరై పట్టణ పటం ముందు కూర్చుంటారు. అప్పుడు మొదటి గీత ట్యాంకు దగ్గర కాదు, చివరి ఇంటి దగ్గర మొదలుపెట్టండి.