పాచిక తీర్పు - మనిషి తీర్పు

పాచికలనగానే మన మనస్సు హస్తినాపురపు సభకు పోవును. ఇక్కడ చెప్పబోవు ఆటలో పాచికలున్నవి గాని పందెము లేదు. ఓడి అడవులకు పోవువారును లేరు. నలుగురైదుగురు ఒక బల్లచుట్టు కూర్చుందురు. అందొకడు నిర్ణేత. అతడొక లోకమును ఊహించి మాటలతో వర్ణించును. తక్కినవారు తలకొక పాత్రను గైకొని, "నేను ఈ పని చేయుచున్నాను" అని చెప్పుదురు. వేషము లేదు, రంగస్థలము లేదు. కాగితము, పెన్సిలు, మాట - ఇవే సాధనములు. ఫలితము సందేహమైనచోట పాచిక తీర్పు చెప్పును.

ఈ ఆటలలో మొట్టమొదట అచ్చయి ప్రసిద్ధికెక్కినది 'డంజన్స్ అండ్ డ్రాగన్స్'. 1974లో అమెరికాలో గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు దానిని మూడు చిన్న పుస్తకములుగా ఒక పెట్టెలో పెట్టి ప్రకటించిరి. నాటినుండి నియమములు పలుమార్లు మారినవి. ఆడు తీరును మారినది. పాతతీరు మేలా, కొత్తతీరు మేలా అను తగవు ఆటగాండ్రలో నేటికిని చల్లారలేదు. పైకి పిల్లల తగవువలె కనబడునుగాని, ఇందులో ఉపాధ్యాయులకు పట్టవలసిన ప్రశ్న ఒకటి కలదు: నిర్ణయాధికారము వ్రాసిన నియమమునకా, ఎదుట కూర్చున్న మనిషి వివేకమునకా?

పాడుబడిన కోటలోని గ్రంథాలయమునకు మన పాత్రలు వచ్చినవనుకొందము. ఒక బీరువా వెనుక రహస్యద్వారము కలదు. ఆ సంగతి నిర్ణేత కొక్కనికే తెలియును. పాతతీరు ఆటగాడు, "పుస్తకములన్నిటిమీద దుమ్ము ఒకేవిధముగా ఉన్నదా?" అని అడుగును. "ఒక్కదానిమీద లేదు." "దానిని లాగుచున్నాను." బీరువా ప్రక్కకు జరుగును, పాచిక కదలనే లేదు. కొత్తతీరు ఆటగాడు "గది వెదకుచున్నాను" అని, ఇరువది ముఖముల పాచిక వేసి, పడిన అంకెకు తన పాత్ర కాగితములో వెదకెడు నేర్పునకు వ్రాసియున్న అంకెను కలుపును. మొత్తము చాలినచో ద్వారము దొరకును. 2000లో వెలువడిన మూడవ కూర్పు వెదకుట, వినుట, ఒప్పించుట మొదలగు నేర్పుల నన్నిటిని ఇట్లు అంకెలలో బిగించినది. అయితే 1974 నాటి పుస్తకములలో కూడ రహస్యద్వారమునకు ఆరు ముఖముల పాచిక వేయు విధి కలదు. కనుక పాతకు కొత్తకు నడుమ గీత గీసినట్లు భావింపరాదు.

ఇంకొక భేదము నాకు మరింత ముఖ్యమని తోచును. పాత ఆటలో పాత్ర పైమెట్టు నెక్కుటకు కావలసిన అనుభవపు లెక్క ప్రధానముగా ధనముమీద సాగెడిది. రాక్షసుని చంపినందుకు దక్కునది స్వల్పము. తొలిమెట్టు పాత్ర ఒకటి రెండు దెబ్బలకే చచ్చును. అందుచే తెలివిగలవాడు రాక్షసుని నిద్రలేపక, నిధి నెత్తుకొని వచ్చును. మూడవ కూర్పులో అనుభవము ప్రధానముగా శత్రువులను, అడ్డంకులను గెలిచినందుకు లభించును. దారి మార్చుకొని పోవువానికంటె కత్తి దూయువానికి అది అనుకూలము. పరీక్షలో దేనికి మార్కులుండునో విద్యార్థి దానినే చదువును గదా!

ఈ తగవు ఆటకంటె పాతది. 1824లో ప్రష్యా సైన్యమున రైస్విట్జ్ అను అధికారి పటము, దిమ్మెలు, పాచికలు, పట్టికలతో ఒక యుద్ధక్రీడను ప్రకటించెను. అధికారుల శిక్షణకు అది ఉపయోగపడెను గాని, పట్టికల బరువు రానురాను విసుగైనది. 1876లో వెర్డీ దు వెర్నువా అను సేనాని, పట్టికలు వలదు, అనుభవశాలియైన నిర్ణేత మాటయే చాలుననెను. 1880లో అమెరికాలో టాటెన్ అను సైనికాధికారి రచించిన 'స్ట్రాటెగోస్' కూడ నిర్ణేతకు విశేషాధికార మొసగినది. మినెసోటాలో డేవిడ్ వెస్లీ అను యువకుడు ఆ గ్రంథమునుండియే నిర్ణేత భావమును గ్రహించి, 1960ల చివరినుండి తన మిత్రులచే ఆటలాడించెను. ఆ మిత్రులలో ఒకడు ఆర్నెసన్!

చిత్రమేమనగా, పాతతీరు మరల తలయెత్తుటకు తోడ్పడినది కొత్త కూర్పే. మూడవ కూర్పుతోపాటు నియమములను ఇతరులు వాడుకొనుటకు స్వేచ్ఛాపత్రము విడుదలైనది. దాని నాధారము చేసికొని 2006 ప్రాంతమున పాత అభిమానులు పాత నియమములను తిరుగ వ్రాసి ప్రకటించిరి. 2008లో మాథ్యూ ఫించ్ అనునతడు పాతతీరును వివరించుచు ఒక చిన్న పుస్తకమే వ్రాసెను.

పాత పక్షమువారు తరచుగా మరచు సంగతి ఒకటి కలదు. నిర్ణేత పక్షపాతియైనచో ఆటగానికి దిక్కెవరు? వ్రాసిన నియమము బలహీనునికి కోట. మరియు, మాటకారికే ఎల్లప్పుడు గెలుపైనచో, నలుగురిలో నోరు విప్పలేని బాలుడు రాజసభలో వక్త పాత్రను ఎన్నటికి ధరింపగలడు? బలశాలి పాత్రను ధరించినవానిని ఎవరును బండరాయి ఎత్తి చూపుమని అడుగరు గదా! కాబట్టి వెదకుటలో నేను పాతవారి పక్షము. ఒప్పించుటలో కొత్తవారి పక్షము. ఇది నిలకడలేని మాటయని రెండు పక్షములవారును నన్ను నిందింపవచ్చును.

2014 నాటి అయిదవ కూర్పు, పాచిక ఎప్పుడు వేయింపవలెనో నిశ్చయించు పనిని చాలవరకు నిర్ణేతకే విడిచినది. కొందరు నిర్ణేతలు ఆ స్వేచ్ఛను చక్కగా వాడుకొందురు. ముందు ఆటగాని మాట విందురు. మాట సూటిగా తగిలినచో పాచిక అడుగరు. తడబడినచో నవ్వక, పాచికను వాని చేతిలో పెట్టుదురు.