ఆఫ్‌రోడ్ వాహనం: ఖరీదైన వేరియంటే మేలైనదా? కోల్‌కతా వానల్లో, ఘాట్ రోడ్లపై ఏ టైర్లు పనికొస్తాయి?

2025 సెప్టెంబర్ 22 రాత్రి మొదలైన వాన తెల్లారేసరికి కోల్‌కతాను ముంచేసింది. 24 గంటల్లోపే 251.4 మిల్లీమీటర్ల వర్షం కురిసింది. 1986 తర్వాత నగరంలో ఒక్క రోజులో ఇంత వాన పడటం అదే మొదటిసారి. దక్షిణ కోల్‌కతాలోని గరియా ప్రాంతంలో కొన్ని గంటల్లోనే 332 మిల్లీమీటర్లు నమోదైంది. దుర్గా పూజకు ముందు వచ్చిన ఆ వరదలో విద్యుదాఘాతంతో పలువురు చనిపోయారు. వీధుల్లో నిలిపిన కార్లు నీటమునిగాయి.

ఇలాంటి రోజు తర్వాత చాలామందికి వచ్చే ఆలోచన ఒక్కటే: 'ఈసారి ఎత్తైన 4x4 బండి తీసుకోవాలి'.

సరిగ్గా ఆ సెప్టెంబర్ 22నే జీఎస్టీ కొత్త రేట్లు కూడా అమల్లోకి వచ్చి, చాలా వాహనాల ధరలు తగ్గాయి. కానీ షోరూమ్‌లో అడుగుపెట్టాక ఎదురయ్యే ప్రశ్నలు వేరు. ఏ వేరియంట్ తీసుకోవాలి? 4x4 నిజంగా అవసరమా? టైర్లు మార్చాలా? ఈ మూడింటిలో ఏది తప్పినా లక్షల్లో నష్టం, ఒక్కోసారి ప్రాణాపాయం.

ధర పెరిగితే సత్తా కూడా పెరుగుతుందా?

పెరగాలని లేదు. వేరియంట్ల జాబితాలో రెండు రకాల మెట్లు కలిసిపోయి ఉంటాయి. ఒకటి సౌకర్యాల మెట్టు: సన్‌రూఫ్, పెద్ద స్క్రీన్, చల్లగాలి వచ్చే సీట్లు వంటివి. రెండోది సత్తా మెట్టు: నాలుగు చక్రాలకూ శక్తి అందించే 4x4, నిటారు ఎక్కుడులో పనికొచ్చే లో రేంజ్ గేర్, జారే చోట చక్రాలను కలిపి తిప్పే డిఫరెన్షియల్ లాక్ వంటివి.

మహీంద్రా థార్ రాక్స్ ఇందుకు మంచి ఉదాహరణ. 2024లో ప్రకటించిన ఎక్స్-షోరూమ్ ధరల ప్రకారం మధ్యస్థ వేరియంట్ ఎంఎక్స్5 డీజిల్ 4x4 రూ.18.79 లక్షలు. అన్ని హంగులూ ఉన్న ఏఎక్స్7ఎల్ డీజిల్ మాన్యువల్ రూ.18.99 లక్షలు. తేడా రూ.20 వేలే. అయితే ఆ రెండో బండిలో వెనక చక్రాలకు మాత్రమే శక్తి అందుతుంది. అంటే దాదాపు ఒకే ధరకు ఒకరు సత్తా కొంటారు, మరొకరు సౌకర్యం కొంటారు. రాక్స్ పెట్రోల్ మోడల్‌లో అసలు 4x4 లేదు.

మారుతి జిమ్నీ తీరు వేరు. 2023లో వచ్చిన ఈ బండిలో జీటా, ఆల్ఫా అని రెండే వేరియంట్లు. రెండింట్లోనూ 4x4, లో రేంజ్ గేర్ ఉన్నాయి. టైరు సైజు కూడా ఒకటే. కాబట్టి ఆల్ఫాకు ఎక్కువ పెట్టే డబ్బు అలాయ్ వీల్స్, పెద్ద స్క్రీన్, ఎల్ఈడీ దీపాల వంటి వాటికే తప్ప, దారి లేని చోట నడిచే శక్తికి కాదు.

పన్ను లెక్క కూడా చూడాలి. నాలుగు మీటర్ల లోపు పొడవుండి, 1,500 సీసీకి మించని డీజిల్ కార్లపై, 1,200 సీసీకి మించని పెట్రోల్ కార్లపై జీఎస్టీ 18 శాతం. అంతకు మించితే 40 శాతం. మూడు తలుపుల థార్‌లో 1.5 లీటర్ల డీజిల్, వెనక చక్రాల మోడల్ 18 శాతంలోకి వస్తుంది. పెద్ద ఇంజిన్ ఉన్న 4x4 రాదు.

నిలిచిన నీటిలో 4x4 కాపాడుతుందా?

4x4 పని జారే నేల మీద పట్టు ఇవ్వడం. వీధిలో నిలిచిన నీటి కింద ఉండేది చాలావరకు గట్టి తారు రోడ్డే. అక్కడ బండిని ఆపేసేది పట్టు లేకపోవడం కాదు, ఇంజిన్‌లోకి నీరు చేరడం. గాలి పీల్చుకునే గొట్టం ఎంత ఎత్తులో ఉందన్నదే ముఖ్యం.

దీన్ని కంపెనీలు 'వాటర్ వేడింగ్ డెప్త్' పేరుతో చెబుతాయి. థార్‌కు ఇది 650 మిల్లీమీటర్లు. ఫోర్స్ గుర్ఖాకు 700 మిల్లీమీటర్లు, పైగా గాలిని ఎత్తు నుంచి తీసుకునే స్నార్కెల్ కంపెనీ నుంచే వస్తుంది. నెమ్మదిగా, అలలు లేవకుండా నడిపినప్పుడే ఈ అంకెలు వర్తిస్తాయి. ఎదురుగా బస్సు వస్తే లేచే అల దీన్ని దాటేయొచ్చు. నీటి అడుగున మూత లేని మ్యాన్‌హోల్ ఉంటే ఏ వేరియంటూ కాపాడలేదు.

బండి నీటిలో ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేయకూడదు. ఇంజిన్‌లోకి నీరు చేరి జరిగే నష్టానికి మామూలు సమగ్ర బీమాలో చాలావరకు పరిహారం రాదు. దానికి 'ఇంజిన్ ప్రొటెక్షన్' యాడ్-ఆన్ విడిగా తీసుకోవాలి. కోల్‌కతాలో ఉండేవారికి సన్‌రూఫ్ కంటే ఇదే ముందు అవసరం.

టైరు మీద అంకెలు ఏం చెబుతాయి?

2020లో వచ్చిన థార్‌లో తక్కువ ధర ఏఎక్స్ ఆప్షనల్ వేరియంట్‌కు 245/75 ఆర్16 టైర్లు, ఖరీదైన ఎల్ఎక్స్‌కు 255/65 ఆర్18 టైర్లు ఇచ్చారు. మొదటి అంకె మిల్లీమీటర్లలో టైరు వెడల్పు. రెండోది ఆ వెడల్పులో టైరు పక్క గోడ ఎత్తు ఎంత శాతమో చెబుతుంది. చివరిది అంగుళాల్లో రిమ్ వ్యాసం.

లెక్క వేస్తే తక్కువ ధర బండి టైరు పక్క గోడ 184 మిల్లీమీటర్లు, ఖరీదైన బండిది 166. మొత్తం టైరు ఎత్తులో తేడా 15 మిల్లీమీటర్లే. గోడ ఎత్తుగా ఉంటే టైరు రాళ్లు, గుంతల దెబ్బను బాగా ఓర్చుకుంటుంది, రిమ్ వంగే అవకాశం తక్కువ. ఇసుకలో గాలి తగ్గించి నడపడానికీ వీలుంటుంది. అంటే షోరూమ్‌లో ఆకట్టుకునే పెద్ద రిమ్ రాళ్ల దారిలో నిజానికి ఒక మెట్టు దిగడమే.

అంకెల పక్కన ఉండే అక్షరం వేగ పరిమితి. క్యూ అంటే గంటకు 160 కిలోమీటర్లు, ఎస్ అంటే 180, హెచ్ అంటే 210. టైరు గోడపై డీఓటీ కోడ్ చివరి నాలుగు అంకెలు తయారీ తేదీని చెబుతాయి. 2325 అని ఉంటే 2025లో 23వ వారం అని అర్థం.

హెచ్‌టీ, ఏటీ, ఎంటీ: ఏది ఎవరికి?

హైవే టెర్రైన్ (హెచ్‌టీ) టైర్లు తారు రోడ్డు కోసం. శబ్దం తక్కువ, తడి రోడ్డుపై బ్రేకు బాగా పడుతుంది. మడ్ టెర్రైన్ (ఎంటీ) టైర్ల దిమ్మెలు పెద్దవి, వాటి మధ్య ఖాళీలూ పెద్దవి. బురదను విదిల్చుకుంటాయి కానీ తారును తాకే రబ్బరు తక్కువ. అందుకే తడి రోడ్డుపై బండి ఆగడానికి ఎక్కువ దూరం పడుతుంది. శబ్దం, ఇంధన ఖర్చు కూడా పెరుగుతాయి. ఆల్ టెర్రైన్ (ఏటీ) ఈ రెండింటికీ మధ్యస్థం.

కోల్‌కతాలో ఇది చిన్న విషయం కాదు. చాలా వీధుల్లో ట్రామ్ పట్టాలు ఇంకా ఉన్నాయి. వానకు తడిసిన ఆ ఉక్కుపై బ్రేకు వేస్తే మామూలు టైర్లే జారతాయి, ఎంటీ టైర్లతో ప్రమాదం ఇంకా ఎక్కువ.

కోల్‌కతా, ఖరగ్‌పూర్‌లలో స్థిరపడిన తెలుగువారు సెలవులకు సొంతూరు వెళ్లే దారి కూడా లెక్కలోకి తీసుకోవాలి. డాన్‌కుని దగ్గర మొదలయ్యే 16వ నంబర్ జాతీయ రహదారి ఖరగ్‌పూర్, భువనేశ్వర్ మీదుగా విశాఖ చేరుతుంది. దాదాపు 880 కిలోమీటర్లు. అక్కడి నుంచి అరకు, లంబసింగి వెళ్లేదీ ఎక్కువగా తారు ఘాట్ రోడ్డే. ఇలాంటి వాడకానికి హెచ్‌టీ టైర్లు చాలు. తరచూ మట్టి దారులు ఎక్కేవారికి ఏటీ సరిపోతుంది.

సొంతంగా పెద్ద టైర్లు వేయించుకోవచ్చా?

కంపెనీ ఆ మోడల్‌కు ఇచ్చిన సైజుల్లోనే ఉండటం క్షేమం. మోటారు వాహనాల చట్టంలోని సెక్షన్ 52 ప్రకారం కంపెనీ నిర్దేశించిన రూపానికి భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. పైగా టైరు ఎత్తు పెరిగితే స్పీడోమీటర్ అసలు వేగం కంటే తక్కువ చూపుతుంది, బ్రేకులపై భారం పెరుగుతుంది. 20 మిల్లీమీటర్లు ఎత్తైన టైరు వేసినా నేల నుంచి బండి లేచేది అందులో సగమే.

చివరికి ఎలా ఎంచుకోవాలి?

డార్జిలింగ్ జిల్లా మానేభంజాంగ్ నుంచి సందక్‌ఫూ వరకు 31 కిలోమీటర్ల నిటారు దారిలో దశాబ్దాల నాటి ల్యాండ్ రోవర్లు ఇప్పటికీ పర్యాటకులను తీసుకెళ్తున్నాయి. వాటిలో తెరలు లేవు, సన్‌రూఫ్‌లు లేవు. కొండ ఎక్కించేది లో రేంజ్ గేర్, దారి తెలిసిన డ్రైవర్.

గత ఏడాదిలో ఎన్ని రోజులు తారు దిగి నడపాల్సి వచ్చిందో ముందు లెక్కపెట్టుకోవాలి. వేళ్లపై లెక్కించేన్నే అయితే 4x4 వదిలేసి ఆ డబ్బు మంచి టైర్లకు, బీమాకు పెట్టడం మేలు. నెలనెలా కొండలకో అడవి దారులకో వెళ్లేవారు మాత్రం హంగులు తగ్గించుకునైనా 4x4 ఉన్న వేరియంట్ తీసుకోవాలి. తెర, సీటు కవర్ల వంటివి తర్వాతైనా మార్చుకోవచ్చు. 4x4ను మాత్రం తర్వాత బిగించుకోలేరు.