కొరడా పట్టని భూస్వామి

మన కథల్లో భూస్వామి అడుగుపెట్టగానే చేతిలో కొరడా కనిపిస్తుంది. కొరడా అబద్ధమని నేననను. కాని కొరడా పట్టని భూస్వామిని చిత్రించవలసి వచ్చినప్పుడు మన రచయితలు తడబడతారు. అతన్ని దేవుణ్ణయినా చేస్తారు, లేదా ఎక్కడో ఒక రహస్యపాపం అంటగడతారు. ఈ చిక్కు ఎదురైనప్పుడల్లా నాకు లార్డ్ పామర్‌స్టన్ గుర్తొస్తాడు.

హెన్రీ జాన్ టెంపుల్ 1784లో పుట్టాడు. 1802లో తండ్రి పోవడంతో పదిహేడేళ్ళకే బిరుదూ భూములూ చేతికొచ్చాయి. అది ఐర్లండు బిరుదు కావడంవల్ల కామన్స్ సభకు పోటీచేసే వీలుండేది. 1807లో సభ్యుడయ్యాడు. తర్వాత చాలాకాలం విదేశాంగమంత్రి, చివరకు ప్రధాని. చైనా మీద జరిగిన రెండు నల్లమందు యుద్ధాల్లోనూ ఆయన చెయ్యి ఉంది. 1857లో మన సిపాయిలు తిరగబడినప్పుడు బ్రిటిష్ ప్రధాని ఆయనే. ఇదంతా చరిత్ర పుస్తకాల్లో దొరుకుతుంది. నాకు కావలసింది స్లైగో.

ఐర్లండు వాయవ్యాన స్లైగో కౌంటీలో ఆయనకు సుమారు పదివేల ఎకరాలుండేవి. తాను ఉండేది ఇంగ్లండులో. 1808లో వెళ్ళి చూసి, మధ్య దళారులను తొలగించాలనీ, బళ్ళు పెట్టాలనీ, రోడ్లు వేయాలనీ తలపోశాడు. తలపోసి ఊరుకోలేదు. ముల్లక్‌మోర్‌లో రాతిరేవు కట్టించాడు, ఇసుక మేటలు పొలాల మీదికి రాకుండా గడ్డి నాటించాడు. ఆనాటి లెక్కల్లో మంచి భూస్వామే. (ఆ రేవు పక్కన ఆయన మొదలుపెట్టిన కోటే తరాలు మారి ఎడ్వినా మౌంట్‌బాటెన్‌కు చేరింది. 1979లో మౌంట్‌బాటెన్ బాంబుదాడిలో చనిపోయింది ఆ తీరంలోనే.)

1845లో బంగాళాదుంపకు తెగులు సోకింది. దుంప తప్ప వేరే తిండి ఎరగని రైతులు వేలకువేలుగా చచ్చిపోయారు. చట్టం ప్రకారం నాలుగు పౌన్లకు లోపు విలువ కట్టిన కమతం మీద పేదల పన్ను కౌలుదారు కాదు, భూస్వామే కట్టాలి. అంటే చిన్నకౌలుదారు ఊళ్ళో ఉంటే ఏటా ఖర్చు, ఓడెక్కిస్తే ఒక్కసారి ఖర్చు. 1847లో పామర్‌స్టన్ భూములనుంచి సుమారు రెండువేలమందిని కెనడాకు పంపేశారు. ‘లార్డ్ ఆష్‌బర్టన్’ అనే ఓడ అక్టోబరు 30న క్యూబెక్ చేరింది. బయలుదేరిన 477 మందిలో 107 మంది దారిలోనే పోయారు. మిగిలినవారిలో పామర్‌స్టన్ కౌలుదార్లు 174 మంది. వాళ్ళలో 87 మందికి ఎవరో దానంగా బట్టలిస్తేగాని ఓడ దిగే స్థితి లేదు. ఆడం ఫెర్రీ అనే కెనడా శాసనసభ్యుడు దీన్ని ఎండగడుతూ బ్రిటిష్ వలసల మంత్రికి బహిరంగలేఖ రాశాడు. వాళ్ళే వెళతామన్నారని ఏజెంట్ల జవాబు. అది అబద్ధం కూడా కాకపోవచ్చు. ఆకలితో ఉన్నవాడు ఏ ఓడైనా ఎక్కుతాడు!

మూడేళ్ళు తిరక్కుండానే, 1850లో, పామర్‌స్టన్ కామన్స్‌లో గంటల తరబడి ఉపన్యసించాడు. రోమన్ పౌరుడిలా బ్రిటిష్ ప్రజ ఎక్కడున్నా ప్రభుత్వం రక్షిస్తుందన్నది దాని సారాంశం. సభ చప్పట్లు కొట్టింది. క్యూబెక్‌లో దిగినవారూ బ్రిటిష్ ప్రజలే.

ఇక్కడ మార్క్స్‌తో నాకొక పేచీ. 1853లో ఆయన పామర్‌స్టన్‌పై వ్యాసపరంపర రాశాడు. పదునైన వచనం, విద్యార్థులు తప్పక చదవాలి. కాని అందులో ప్రధానారోపణ పామర్‌స్టన్ రష్యా జారుకు పనిచేస్తున్నాడని! డేవిడ్ అర్కార్ట్ ప్రభావం అది, ఆధారాలు నిలబడలేదు. అదే ఏడాది సదర్లండ్ డచెస్ భూములనుంచి రైతులను తరిమిన వైనాన్ని వర్గదృష్టితో విప్పిచెప్పిన కలం, పామర్‌స్టన్ దగ్గరకొచ్చేసరికి ద్రోహిని వెతికింది. రహస్యపాపం కోసం వెతికే మన అలవాటు అంత గొప్పవాడికీ తప్పలేదు.

ఆ మనిషి గురించి కథ రాయాల్సివస్తే నేను ఓడతో మొదలుపెట్టను. డబ్లిన్‌లో ఏజెంటు బల్ల మీద పద్దుపుస్తకం ఉంటుంది. ఒకవైపు పేదల పన్ను, రెండోవైపు ఓడకూలి. పక్కనే రేవు మరమ్మతుకు కేటాయించిన మొత్తం. మూడూ ఒకే దస్తూరీలో.