పావంగుళం లెక్క

నానీజాన్ (అల్లాహ్ ఆమెను కరుణించుగాక) నేత చీరలను పారవేయడానికి మనసొప్పక, వాటితో రజాయి పైగుడ్డ కుట్టాలని తలపెట్టాము. దైవప్రవక్త (స) తమ దుస్తులను తామే కుట్టుకునేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపిన విషయం మన ఇళ్లలో తెలిసినదే.

6½ అంగుళాల చదరపు ముక్కలు, వరుసకు 10. మేమూ ఆపా వరుసలు పంచుకుని ఎవరి ఇంట వారు కుట్టాము. పక్కపక్కన పరచి చూడగా మా వరుస అంగుళం పైచిలుకు పొట్టిగా ఉంది!

కత్తిరింపులో దోషం లేదు. కుట్టుకు ప్రతి అంచునా పావంగుళమే పోవాలి. మా కుట్టు అంగుళంలో పదహారోవంతు లోపలికి జరిగింది. రెండు ముక్కలదీ కలిపితే అతుకుకు ఎనిమిదోవంతు. అతుకులు తొమ్మిది మరి! లాగి సరిపెడితే పాత బట్ట ముడతలు పడుతుంది. కుట్లు విప్పక తప్పలేదు.

ఆ చీరలు మళ్లీ దొరికేవి కావు గనుక ఈసారి ముందుగా పనికిరాని గుడ్డపై పరీక్షించాము. 1½ అంగుళాల వెడల్పుగల మూడు పట్టీలను నిలువునా జోడించి, ఇస్త్రీ చేసి, నడిమి పట్టీని కొలిస్తే సరిగ్గా అంగుళం రావాలి. మాకు ఎనిమిదోవంతు తక్కువ వచ్చింది. మిషన్ పాదం అంచునే కొలతగా నమ్మడం మా పొరపాటు. అన్ని పాదాలూ ఒకే వెడల్పున ఉండవు.

సూది దిగే చోటి నుంచి స్కేలుతో కొలిచి, పావంగుళానికి నూలుపోగంత లోపుగా మిషన్ పలకపై టేపు అంటించాము. ఆ పోగు మందం అతుకు మడతలో పోతుంది. కుట్టేటప్పుడు చూపు సూదిపై గాక, టేపును ఆనుకుని సాగే బట్ట అంచుపై ఉండాలి.

ఇషా నమాజు తరువాత కుట్టిన వరుస ఆపా వరుసతో ముక్కకు ముక్క కలిసింది. ఇంకా ఆరు వరుసలున్నాయి.