మెమో ఎవరికి? ముందు అది తేల్చుకోండి!

“ఏం రాసినావక్కా? మాకు ఒక్క ముక్కా అర్థం కాలేదు!”

హిందూపురంలోని ఓ కుట్టుపని యూనిట్‌లో గుమాస్తాగా చేరిన కొత్తలో నాకు పడిన అక్షింతలివి. సోమవారం నుంచి ఎనిమిదిన్నరకు బదులు ఎనిమిదింటికే పని మొదలని ఇంగ్లీషులో మెమో టైపు చేసి గోడకు అంటించాను. ధర్మవరం, పెనుకొండల నుంచి రైల్లో వచ్చే ఆడవాళ్లు ఎప్పటిలాగే వచ్చారు. పన్నెండు మందికి సగం రోజు జీతం కోత!

మెమో మన ఇంగ్లీషు చూపించుకోవడానికి కాదని ఆ రోజు తెలిసొచ్చింది. అదే సంగతిని మళ్లీ మూడు రకాలుగా రాశాను.

పనివాళ్లకు: తెలుగులో, పక్కనే కన్నడంలో. కర్ణాటక సరిహద్దు ఊరు కదా! “పని ఉదయం 8 గంటలకు మొదలు” - అంతే.

మేనేజరుకు: రైల్లో వచ్చేవాళ్లెందరు, ఎవరికెంత కోత పడింది, పొరపాటు ఎక్కడ జరిగింది - లెక్కతో సహా. ఆ పొరపాటు నాదేనని కూడా రాశాను.

హెడ్డాఫీసుకు: తేదీ, విషయం, కోరేది. ఒక్క పేజీ. అందులో కోపం లేదు, కన్నీళ్లు లేవు, పన్నెండు పేర్లున్నాయి. కోసిన జీతం తిరిగొచ్చింది.

ఇంకో మాట. పనిచోట లైంగిక వేధింపులపై 2013 చట్టం ప్రకారం ఫిర్యాదు మూడు నెలల్లోగా రాతపూర్వకంగా ఇవ్వాలి. రాయలేనివారికి కమిటీ సాయం చేయాలి. నోటిమాట గాలికి పోతుంది, కాగితం నిలబడుతుంది. అందుకే రాయండి. నకలు మాత్రం మీ దగ్గరే దాచుకోండి!