అక్షరానికి ఒళ్లొస్తే...

పలక మీద 'అ' దిద్దిన రోజులు గుర్తున్నాయా? పెద్దవాళ్లు సన్నగా రాసిచ్చిన అక్షరం మీదే బలపం తిప్పీ తిప్పీ వేలెడు లావు చేసేవాళ్లం. మధ్యలో ఉండాల్సిన ఖాళీ కాస్తా తెల్లగా నిండిపోయేది. ఇక అది ఏ అక్షరమో దిద్దినవాళ్లకే తెలియాలి! పలకలకు పేరుమోసిన మార్కాపురం నుంచి ఊరూరికీ వెళ్లిన పలకల మీద అలా ఒళ్లు చేసిన అక్షరాలకు లెక్కేలేదు.

పోస్టర్లకీ బోర్డులకీ లావాటి ఫాంట్లు గీసేవాళ్లదీ అదే అవస్థ. గీత బలవాలి, కానీ అక్షరం కడుపులో గాలాడాలి.

ఇంగ్లిషులో ఈ లావు అక్షరాల మోజు పాతదే. 1820ల చివర్లోనే న్యూయార్క్‌లో డేరియస్ వెల్స్ పోస్టర్ల కోసం చెక్కతో పెద్దపెద్ద అక్షరాలు చేసి అమ్మాడు. 1922లో షికాగోలో ఆస్వాల్డ్ కూపర్ గీసిన బొద్దు అక్షరం 'కూపర్ బ్లాక్'. పాతకాలపు కళ కావాలంటే డిజైనర్లు ఇప్పటికీ దాన్ని వెతుక్కుంటారు. అయితే ఇంగ్లిషు పెద్దక్షరాల్లో సగం నిలువుగీతలూ అడ్డగీతలే. ఎంత లావు చేసినా తట్టుకుంటాయి. మనవన్నీ గుండ్రాలాయె!

'థ' సంగతే చూడండి. దాని కడుపులో ఓ చుక్క ఉంటుంది. గీత లావెక్కి చుక్కని మింగేసిందా, కథ కాస్తా 'కధ' అవుతుంది. 'ప'కి తలకట్టు విడిగా ఉంటుంది. ఆ సందు పూడిపోతే 'వ'లా కనిపిస్తుంది. 'వ'కి పక్కన మామూలు కొమ్ము పెడితే 'మ'తో తికమక. అందుకే 'వు'లో కొమ్ము కిందినుంచి తిరుగుతుంది. ఇన్ని చిన్నచిన్న తేడాల మీద బతికే లిపిని లావు చేయడమంటే మాటలా?

ఇక వత్తులు. పశ్చిమ ప్రకాశంలో ఊళ్ల పేర్లే ఇందుకు మంచి పరీక్ష. కనిగిరి పక్కనున్న హనుమంతునిపాడు పేరు చూడండి. ఏడక్షరాల పొడుగు పేరు, మూడు కొమ్ములు, ఓ సున్నా, కానీ ఒక్క వత్తు కూడా లేదు. ఎంత లావు ఫాంటులో రాసినా బారుగా, దర్జాగా కూర్చుంటుంది. కనిగిరి, పొదిలి కూడా అంతే. అదే మార్కాపురం అనండి... 'ర్కా' కింద కావత్తు వేలాడుతుంది, ఆ పక్కనే 'పు' కొమ్ము కిందికి దిగుతుంది. గిద్దలూరులో 'ద' కింద మరో బుల్లి 'ద'. వత్తునీ అక్షరమంత లావు చేస్తే సిరా మరకే. మరీ సన్నం చేస్తే పైఅక్షరానికీ దానికీ పొత్తు కుదరదు.

గోడల మీద రాసే పెయింటర్లకు ఈ చిక్కు విప్పడం వెన్నతో పెట్టిన విద్య. రంగుపొడి అద్దిన దారంతో పైగీత, కిందిగీత కొట్టుకునేవారు. చోటు చాలకపోతే వత్తుని కాస్త పక్కకి జరిపేవారు, పొట్ట ఇరుకైతే గీతని అక్కడికక్కడే సన్నం చేసేవారు. సినిమా పేర్లనైతే పబ్లిసిటీ చిత్రకారులు ఏ కథకి తగ్గట్టు ఆ కథకి గీసేవారు. బాపు రాతను చూసి గుర్తుపట్టని తెలుగువాళ్లు తక్కువే. ఫ్లెక్సీలు వచ్చాక ఆ చేతులకు పని తగ్గింది. పెయింటరు చూపించిన ఒడుపంతా ఇప్పుడు ఫాంటు ముందుగానే ఊహించి పెట్టుకోవాలి.

కొందరు అలాంటి ఫాంట్లూ చేశారు. పురుషోత్ కుమార్ గుత్తుల రూపొందించగా సిలికానాంధ్ర ఉచితంగా అందించిన 'రామభద్ర' వాటిలో ఒకటి. అష్టదిగ్గజాల్లో ఒకరైన అయ్యలరాజు రామభద్రుడి పేరు పెట్టారు. శీర్షికలు, పోస్టర్లు, ఆహ్వానపత్రాల కోసమే చేసింది. చూడగానే పాత గోడరాతలు గుర్తొస్తాయి. ముంబయిలోని ఎక్ టైప్ బృందం చేసిన 'బాలూ తమ్ముడు' ఇంకో తరహా. బొద్దుగా, గారంగా ఉంటుంది. దీని తమిళ తోబుట్టువు పేరు 'తంబి', మలయాళానిది 'చేట్టన్', బెంగాలీది 'దా'! ఆరంభంలో అన్నీ బొద్దువే. 2020లో సన్నపాటి రూపాలూ వచ్చాయి. ఇవి యూనికోడ్ ఫాంట్లు కాబట్టి డీటీపీ సెంటర్లో కొట్టిన అక్షరాలు ఇంకో కంప్యూటర్‌లో పిచ్చిగీతలుగా మారవు.

అలాగని అన్నిచోట్లా వాడేస్తే కష్టమే. పెళ్లిపత్రికలో వధూవరుల పేర్లకి భేషుగ్గా ఉంటుంది, కింద బంధుమిత్రుల జాబితా కూడా అందులోనే కొట్టిస్తే పెద్దవాళ్లు కళ్లజోడు తుడుచుకుంటూ కూర్చోవాలి. తిరునాళ్ల బ్యానరుకీ దుకాణం బోర్డుకీ సరే. వైద్యశిబిరం కరపత్రంలో వేళలూ జాగ్రత్తలూ మాత్రం మామూలు అక్షరాల్లోనే ఉండాలి. రెండు వరుసల శీర్షికైతే మధ్యలో చోటు ఎక్కువ వదలమనండి. లేకపోతే పైవరుస వత్తు కిందివరుస గుడిని ఢీకొంటుంది.

ఫ్లెక్సీకి అచ్చు వేయించేముందు ఓ చిన్న పని చేయించండి. 'మార్కాపురం', 'గిద్దలూరు', 'కథ'... ఈ మూడు మాటల్నీ ఆ ఫాంటులో ఓ కాగితం మీద తీయించి, గోడకి అంటించి, రోడ్డుకి అవతలివైపు నిలబడి చదవండి.