వైద్యవిద్యార్థి వెన్నునొప్పి

పల్నాటిసీమలో దుర్గి గ్రామము శిల్పులకు పేరొందినది. శిల్పి మెడ వంచి, ఉలిమొనపై చూపు నిలిపి, గంటల తరబడి రాతిని మలచును. ప్రొద్దు గ్రుంకువేళకు అతని నడుము పట్టుకొన్నదన్నచో ఎవరును వింతపడరు. కాని ఆ యూరినుండి వైద్యవిద్యకు పోయిన పిల్లవాడు సెలవులకు వచ్చి, “మెడ నొప్పి, నడుము నొప్పి” అన్నచో పెద్దలు నవ్వుదురు. “నీవేమి రాళ్లు మోసితివా? పుస్తకమే కదా చదివినది!” అందురు. ఆ నవ్వు న్యాయము కాదని విన్నవించుటకే మేమీ ప్రసంగమునకు పూనుకొంటిమి.

ఇది నేటి మాట కాదు. ఇటలీ వైద్యుడు బెర్నార్డీనో రామజ్జీని వృత్తుల వలన కలుగు రోగములను గూర్చి 1700లో ప్రకటించి, 1713లో పెంచిన గ్రంథమున వ్రాయసకాండ్ర బాధలను వివరించెను. ఎడతెగక కూర్చుండుట, చేతిని ఒకే తీరున ఆడించుట, మనస్సును బిగబట్టుట అను మూడు కారణములను చూపెను. ఆ మూడును నేటి వైద్యవిద్యార్థికి సరిగా అన్వయించును.

మన తల బరువు సుమారు 4 లేక 5 కిలోలు. మెడ నిటారుగా నున్నప్పుడు ఆ భారమును ఎముకలే మోయును. తల ముందుకు వంగినకొలది భారము వెనుక కండరములపై పడును. నీళ్లబిందెను చంకనెత్తుకొనుటకును, చేయి చాచి పట్టుకొనుటకును గల భేదమే ఇది. కదలక బిగిసియున్న కండరములో రక్తప్రసారము తగ్గును. అలసట నొప్పిగా మారును. వెన్నుపూసల నడుమనున్న మెత్తని బిళ్లలకు పెద్దవారిలో రక్తనాళములు లేవనియే చెప్పవచ్చును. ఒత్తిడి హెచ్చుచు తగ్గుచు నుండగా చుట్టునుండి ఊరి వచ్చు ద్రవమే వాటికి పోషణము. కావున కదలికయే వాటికి ఆహారము.

వైద్యవిద్య నాలుగున్నర సంవత్సరములు. ఆపై ఒక సంవత్సరము ఆసుపత్రి సేవ. శవపరీక్షాబల్లపై వంగుట, సూక్ష్మదర్శినిలో చూచుట, వార్డులలో నిలుచుట, రాత్రివేళ మంచముపై చేరి చరవాణిలో పాఠములు చదువుట నిత్యకృత్యములు. పరీక్షాభయమును నిద్రలేమియు నొప్పిని ఇనుమడింపజేయును. 1987లో ఉత్తర ఐరోపా పరిశోధకులు శరీరమును తొమ్మిది భాగములుగా విభజించి, నొప్పులను తెలిసికొనుటకు ఒక ప్రశ్నావళిని ప్రకటించిరి. అట్టి ప్రశ్నలతో పలు దేశములలో వైద్యవిద్యార్థులను విచారింపగా, మెడ, నడుము నొప్పులే తరచుగా ముందు నిలిచినవి.

నివారణ కష్టము కాదు. అరగంటకొకసారి లేచి నాలుగడుగులు వేయవలెను. పుస్తకమును కంటి యెత్తునకు చేర్చవలెను; పాదములు నేలనాని యుండవలెను. దినమునకు అరగంట నడక మేలు. నొప్పి వచ్చినదని రోజుల తరబడి పడుకొనుట మంచిది కాదు. ఓర్చుకొనగలిగినంత కదలుటయే మేలు. మందుల పేర్లు తెలియును గదా యని విద్యార్థి తనకు తానే నొప్పిమాత్రలు మ్రింగుట మరియు ప్రమాదము. అవి కడుపునకును మూత్రపిండములకును హాని చేయగలవు. కాళ్లలో తిమ్మిరి గాని, బలహీనత గాని, మూత్రవిసర్జనపై పట్టు తప్పుట గాని, జ్వరముతో కూడిన నొప్పి గాని కలిగినచో ఆలస్యము చేయక వైద్యుని చూడవలెను.

తల్లిదండ్రులకొక మనవి. బిడ్డ నొప్పి యన్నప్పుడు సోమరితనమని కొట్టివేయకుడు. రేపు వందలమంది నడుమునొప్పి వినవలసిన చెవులవి. నేడు తన నొప్పిని దాచుకొన నేర్చినవాడు రేపు రోగి నొప్పిని నమ్ముట కష్టము.

శిల్పి నడుమ నడుమ ఉలి దించి, లేచి, నాలుగడుగులు వెనుకకు వేసి తన బొమ్మను దూరమునుండి చూచుకొనును. అందువలన పనియు చక్కబడును, నడుమును తేరుకొనును. పుస్తకముల యెదుట కూర్చున్న మన బిడ్డలును ఆ పాటి అలవాటు చేసికొందురుగాక!